కెమెరా పెట్టింది నేనే

మంచిర్యాల,
జూన్ 14

యాదక్క చిన్నమ్మకు,
నుస్రత్ సలాములు.

ఈ ఉత్తరం బట్టల మూటలో పెట్టి సిరోంచ బస్సు కండక్టరుకు ఇస్తున్నాను. ఫోన్‌లోనే చెప్పొచ్చు. కానీ నీ దుకాణంలో ఎప్పుడూ పది మంది ఆడవాళ్ళు, రెండు కుట్టు మిషన్ల చప్పుడు. సగం మాట నాకు వినపడదు, మిగతా సగం నీకు. పైగా ఈ సంగతి రాసే చెప్పాలనిపించింది.

నన్ను డైరెక్టర్‌ను చేశారు చిన్నమ్మా.

ఆరేళ్ళు ఈ ఆన్‌లైన్ పాటల ఛానల్‌లో కూర్చుని, వేరేవాళ్ళు తీసిన జానపద పాటలు కత్తిరించి అతికించాను. రెండు వందలకు పైనే ఎడిట్ చేసి ఉంటాను. మొన్న మా ఓనరు రాజం అన్న పిలిచి, "ఈ పాట నువ్వే తియ్యి నుస్రత్. ఆడపిల్ల డైరెక్టర్ అంటే పేపర్ల గూడ ఏస్తరు" అన్నాడు. ఎందుకిచ్చాడో నాకు అర్థం కాకపోలేదు. నా చేతికి మొదట కెమెరా వచ్చింది కూడా అట్లాగే కదా. మన ఊళ్ళో ముస్లింల పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ వైపు వీడియో తీయడానికి మగవాళ్ళను రానివ్వరు కాబట్టి నన్ను పిలిచారు. ఎవరు ఏ అవసరానికి ఇచ్చినా, చేతిలోకి వచ్చాక అది నాదే.

పాట నాటు వేసే పిల్ల మీద. "వంగవే పిల్లా వంగవే" అని మొదలవుతుంది. ఆడేది రేఖ, మందమర్రి అమ్మాయి. మూడు లంగా ఓణీలు కావాలి. జాకెట్లు నువ్వే కుట్టాలి, ఇంకెవరికీ ఇవ్వను. కొలతల కాగితం లోపలుంది.

రాష్ట్రం సరిహద్దు అవతలి మన ఊరి బడిలో మరాఠీ, ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లను మిషను పక్కన కూర్చోబెట్టి తెలుగు అక్షరాలు దిద్దించావు. ఉత్తరమంటే పుస్తకంలో ఉన్నట్టు రాయాలన్నావు. ఇప్పుడు తెర మీద "దర్శకత్వం: నుస్రత్" అని పడుతుంది. అది నేనే టైప్ చేస్తాను, ఇంకొకరిని ముట్టనివ్వను.

అబ్బాకు ఇంకా చెప్పలేదు. నువ్వు చెప్పకు.

నీ
నుస్రత్


సిరోంచ,
జూన్ 23

చిరంజీవి నుస్రత్‌ను ఆశీర్వదించి యాదక్క రాసేది.

మీ నాన్నకు నేను చెప్పలేదు. దుకాణంలో వాళ్ళకు చెప్పాను. మీ నాన్న గులాం రసూల్ భాయి గడియారాల దుకాణం ఎదురుగానే ఉంది, నా గొంతు సంగతి నీకు తెలుసు. సాయంత్రం వచ్చి, "యాదమ్మా, మా బిడ్డ పెద్ద ఆఫీసర్ అయిందంట గద" అన్నాడు. కోపంగా లేడు. కోపం వస్తే ఆయన గడియారాలు విప్పేటప్పుడు పెట్టుకునే భూతద్దం కంటికే ఉంచుకుని మాట్లాడతాడు. ఆ రోజు తీసి మాట్లాడాడు.

జాకెట్లు పంపుతున్నాను. కొలతల కాగితం గురించి ఒక మాట. వెనక మెడ లోతు పదకొండు అంగుళాలు రాశావు, జాకెట్ పొడవు పన్నెండు. రేఖ ఎత్తు నువ్వు రాసిందే నిజమైతే ఆ పొడవు ఆమె చెల్లెలికి సరిపోతుంది. ఈ జాకెట్‌తో ఎవరూ నాటు వేయలేరు. నాటుకు పోయే ఆడవాళ్ళకు ముప్పై ఏళ్ళుగా కుడుతున్నాను. చెయ్యి చాస్తే చంకలో పట్టొద్దు, వంగితే వెనక పైకి జరగొద్దు, వాళ్ళు అడిగేది ఇంతే. దాని మీద ఇంట్లో మగవాళ్ళ పాత అంగీ ఒకటి తొడుక్కుంటారు, ఎండకూ, నారు ఆకు కోసుకోకుండా. నీ నాటు పిల్లకు ఆ అంగీ ఏది?

అయినా నువ్వు రాసినట్టే కుట్టాను. నీ మొదటి పాట, నా వల్ల పేచీ రావద్దు. లోపల రెండేసి అంగుళాల గుడ్డ మడిచి వదిలాను. కావాలనుకుంటే కుట్లు విప్పి వదులు చేయొచ్చు. ఆ పని అక్కడ ఏ దర్జీ అయినా అరగంటలో చేస్తాడు.

మా అబ్బాయి వినయ్‌కుమార్ తన రీచార్జి దుకాణం మీద "మన సిరోంచ డైరెక్టర్" అని నీ ఫోటో అంటిస్తానంటున్నాడు. నీ పాట కోసం ఊళ్ళో అందరికంటే వాడే ఎక్కువ ఎదురుచూస్తున్నాడు.

యాదక్క


మంచిర్యాల,
జూలై 18

చిన్నమ్మకు,

పాట వచ్చేసింది. వచ్చిన మూడో రోజుకే మా ఛానల్‌లో ఏ పాటకూ రానంత మంది చూశారు. ఆటోల్లో వినపడుతోంది. మంచిర్యాల స్టేషన్ బయట మిర్చి బండి దగ్గర నిలబడితే ఆ బండిలో కూడా నా పాటే. ఎవరికీ చెప్పకుండా అక్కడే నిలబడి విన్నాను.

పేపర్‌లో వేశారు. "పాటకు మహిళా దృష్టి" అని రాశారు. విలేకరి ఫోన్ చేసి, "మేడం, మగ డైరెక్టర్లకు మీకు తేడా ఏంది?" అని అడిగితే ఏదో చెప్పాను. ఏం చెప్పానో ఇప్పుడు గుర్తు లేదు.

జాకెట్ల కుట్లు విప్పలేదు. టైం లేకపోయింది. కోప్పడకు.

రాజం అన్న రెండో పాట కూడా నాకే అన్నాడు. మన దగ్గర నాటు పాటలు పాడేవాళ్ళు ఎవరున్నారో చూసి పెట్టు. లసుమక్క ఇంకా పాడుతుందా? చిన్నప్పుడు ప్రాణహిత వైపు పొలాల్లో ఆమె పాడుతుంటే మేము ఒడ్డు మీద కూర్చునేవాళ్ళం.

నువ్వు పాట చూసి ఏమన్నావో వెంటనే రాయి. అందరూ చెప్పారు, నువ్వే మిగిలావు.

నుస్రత్


సిరోంచ,
జూలై 31

డైరెక్టర్ నుస్రత్‌కు,

వెంటనే రాయమన్నావు. పదిరోజులు ఆగాను. ఆగి రాయడమే మంచిదయింది.

పాట మా వినయ్ ఫోన్‌లో చూశాను. మొదటిసారి నీ పేరు చూసి ఏడ్చాను. రెండోసారి పాట చూశాను. రేఖ కళ్ళు ఎట్లా ఉంటాయో నాకు తెలియలేదు. నడుము తెలుసు, వీపు తెలుసు, మడమల నుంచి పైకి పాకే నీళ్ళు తెలుసు. నేను కుట్టిన జాకెట్ ఎక్కడ కుట్టు పడిందో కూడా కనిపించింది. ముఖం మాత్రం వచ్చి పోయింది.

మొన్న సోమవారం లసుమక్క గుంపు నది వైపు పొలంలో నాటు వేస్తున్నారు. ఎవరో ఒక పిల్లవాడు ఒడ్డు వెనక నుంచి ఫోన్‌తో వాళ్ళను తీశాడు. వెనక నుంచి, కింది నుంచి. దానికి నీ పాట జోడించి పంపాడు. సాయంత్రానికి ఊళ్ళో ప్రతి ఫోన్‌లో ఉంది. మరునాటికి నాగేపల్లిలో లసుమక్క అల్లుడు చూశాడు. ఫోన్ చేసి, "అత్తమ్మా, మీరు జర పొలం పనికి వోవుడు బంద్ చెయ్యుండ్రి. మాకు తలకాయ ఎత్తరాకుంట అయితున్నది" అన్నాడట. తీసినవాడిని ఎవరూ ఏమీ అనలేదు.

ఆమె ఆ ఫోన్ తెచ్చి నేను బట్ట కత్తిరించే బల్ల మీద పెట్టింది.

"ఏంది యాదక్కా గిది?" అంది. "మొఖం లేదు. పేరు లేదు. ఎనకపొంటి తీసి పాట పెట్టిండ్రు. పద్నాలుగేండ్ల పిల్లప్పటి సంది నాటేస్తున్న. వంగకుంట నాటెట్ల ఎయ్యాలె?"

ఆమెకు నలభై ఎనిమిదేళ్ళు, మనవరాలు అంగన్‌వాడీకి పోతోంది. ఆమె పాడుతుందా అని అడిగావు కదా. ఆ రోజు నుంచి పాడటం లేదు. గుంపులో ఎవరూ పాడటం లేదట. ఊరికే నాటు వేసి వస్తున్నారు.

ఆ వీడియో తీసినవాడు ఎక్కడ నిలబడాలో నీ పాట చూసి నేర్చుకున్నాడు. నువ్వు చూసి ఏమన్నావని అడిగావు, ఇదే నా మాట.

యాదక్క


మంచిర్యాల,
ఆగస్టు 4

చిన్నమ్మకు,

లసుమక్కకు జరిగింది చదివి బాధపడ్డాను. కానీ నీ ఉత్తరం చదివి ఇంకా ఎక్కువ బాధపడ్డాను.

మగ డైరెక్టర్లు రెండు వందల పాటలు తీశారు. అన్నీ నేనే ఎడిట్ చేశాను, అన్నీ అట్లాగే ఉన్నాయి. వాళ్ళలో ఒక్కరికీ ఎవరూ ఉత్తరం రాయలేదు. ఆడది ఒక్క పాట తీయగానే ఊరి బరువంతా ఆమె నెత్తి మీద పెడతారా? ఇక్కడ ఓనరు ఏది అడిగితే అది తీయాలి. రాజం అన్న ఎట్లా కావాలన్నాడో అట్లా తీశాను. తీయనంటే ఇంకొకడు తీస్తాడు, నేను మళ్ళీ కంప్యూటర్ ముందుకు పోతాను.

ఒడ్డు వెనక దాక్కుని దొంగతనంగా ఫోన్‌తో తీసిన వాడికీ నాకూ తేడా లేదా? వాడెవడో చెప్పు. వచ్చి వాడి సంగతి చూస్తాను.

నుస్రత్


సిరోంచ,
ఆగస్టు 8

నుస్రత్‌కు,

మగవాళ్ళ గురించి నువ్వు రాసింది నిజమే. వాళ్ళకు ఎవరూ ఉత్తరం రాయలేదు. నేను వాళ్ళకు అక్షరాలు నేర్పలేదు కాబట్టి నేనూ రాయలేదు.

ఒకటే అడుగుతాను. ఆ రోజు పొలంలో కెమెరా అక్కడ పెట్టమని రాజం చెప్పాడా?

యాదక్క


మంచిర్యాల,
ఆగస్టు 13

చిన్నమ్మా,

చెప్పలేదు.

రాజం అన్న ఆ రోజు షూటింగ్‌కే రాలేదు, హైదరాబాద్‌లో ఉన్నాడు. కెమెరామన్ నా దగ్గరికి వచ్చి, "మేడం, కెమెరా ఏడ పెట్టాలె?" అని అడిగాడు. జీవితంలో మొదటిసారి నన్ను ఎవరో ఆ మాట అడిగారు. నేను ఆలోచించను కూడా లేదు. చెయ్యి దానంతట అదే ఒడ్డు వెనకకు, కిందికి చూపించింది. ఆరేళ్ళు అవే షాట్లు అతికించిన చెయ్యి. వాడు కెమెరా దించి, "ఇంక కిందికా?" అన్నాడు. "ఇంకా కిందికి" అన్నాను. కెమెరా పెట్టింది నేనే.

ఇంకొకటి ఎవరికీ చెప్పలేదు. ఆ షాట్ తీస్తున్నప్పుడు రేఖ నారు కట్ట చేతిలో పట్టుకుని ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. కెమెరా వైపు కాదు, నా వైపు. ఆడమనిషి తీస్తోంది కదా, ఇది కూడా ఇట్లాగేనా అని అడిగినట్టు. రాత్రి ఎడిట్‌లో ఆ చూపు వచ్చింది. "ఇది డిస్టర్బ్ చేస్తోంది" అనుకుని నేనే కత్తిరించాను. తర్వాత ఆ షాట్‌ను నెమ్మదిగా నడిపించాను, రెండుసార్లు. అదీ నేనే.

నువ్వు జాకెట్‌లో వదిలిన గుడ్డ విప్పడానికి టైం లేదని రాశాను. నిజానికి మూడు రోజుల టైం ఉండింది.

నిన్న రాజం అన్నను ఆ షాట్లు తీసేసి పాట మళ్ళీ పెడదామని అడిగాను. "పాట ఉరుకుతున్నది. ఉరికేదాని కాళ్ళు నువ్వే ఇరగ్గొడుతవా?" అన్నాడు. కుదరదన్నాడు.

రేఖ ఇంటికి పోయాను. మాఫీ అడిగాను. ఆమె టీ పెడుతూ వెనక్కి తిరగకుండానే, "మాఫీ ఎందుకు అక్కా. నువ్వు డైరెక్టర్ అంటే నేను జర ఖుషీ అయిన. గంతే" అంది. తిట్టినా బాగుండేది.

లసుమక్క నన్ను గడపలోకి రానిస్తుందా? రెండో పాట ఆమె పాటతో, ఆమె పొలంలో తీయాలని ఉంది. ముఖాలతో. అడిగే హక్కు నాకు లేదు. అయినా అడుగుతున్నాను.

నుస్రత్


సిరోంచ,
ఆగస్టు 19

బిడ్డా నుస్రత్,

నువ్వు నిజం రాశావు. నేను అబద్ధం రాశాను. ఇప్పుడు సరిచేస్తున్నాను.

"ఎవరో ఒక పిల్లవాడు" అని రాశాను. వాడు పిల్లవాడు కాదు, ఇరవై నాలుగేళ్ళు. ఎవరో కూడా కాదు. మా వినయ్‌కుమార్. లసుమక్క ఫోన్ నా బల్ల మీద పెట్టిన రోజే తెలిసింది. ఆ వీడియోలో మూలకు వాడి బండి అద్దం కనిపిస్తుంది, దానికి నేను కుట్టిన ఎర్ర గుడ్డ కట్టి ఉంటుంది. నేను చూశాను. నోరు మూసుకున్నాను. కన్నకొడుకు. నీకు పెద్ద పెద్ద మాటలు రాసి, ఆ ఒక్క పేరు మింగేశాను.

నీ ఉత్తరం వచ్చిన సాయంత్రం వాడిని ఎదురుగా నిలబెట్టి అడిగాను. దాచలేదు. వాడన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"నుస్రత్ తీస్తే డైరెక్టర్. ఊరంత సప్పట్లు కొట్టిండ్రు, నువ్వు గూడ కొట్టినవ్. గదే షాట్ నేను తీస్తే తప్పా?"

"రేఖ కెమెరా ముందుకు వస్తానని వచ్చింది, లసుమక్క రాలేదు" అన్నాను. అది సరైన జవాబే. కానీ సగం జవాబు. మిగతా సగం కోసం వాడికి నీ ఉత్తరం చదివి వినిపించాను. నిన్ను అడగకుండా చదివాను.

మరునాడు వాడిని లసుమక్క ఇంటికి తీసుకుపోయాను. వాడు తల వంచుకుని, "మాఫ్ చెయ్యి పెద్దమ్మా" అన్నాడు. ఆమె వడ్లు చెరుగుతోంది. చేట పక్కన పెట్టింది.

"నీ మాఫీ నేనేం జేసుకోవాలె? నువ్వు ఎంత మందికి పంపినవో ఆళ్ళ పేర్లు జెప్పు" అంది.

పదిహేడు పేర్లు చెప్పాడు.

"పదిహేడు ఇండ్లకు వో. ఒక్కొక్కని ముంగట నిలవడి నీ కండ్ల ముంగట తీసేపియ్యి. ఆళ్ళు ఎవలకు పంపిండ్రో అడుగు. ఆడికి గూడ వో. అయిపోయినంక రా. రాకున్నా మంచిదే."

వాడు తిరుగుతున్నాడు. జిమల్‌గట్ట దాకా పోయి వచ్చాడు. కొందరు నవ్వారట, ఒకడు కొట్టాడట. అన్నీ దొరకవని వాడికీ తెలుసు, లసుమక్కకూ తెలుసు.

నా తప్పు ఇంకొకటుంది. పదకొండు అంగుళాలని రాస్తే పదకొండే కత్తిరించాను. ఉత్తరంలో సణిగాను, కత్తెర మాత్రం నువ్వు చెప్పినట్టే ఆడించాను.

నీ సంగతి లసుమక్కకు చెప్పాను. "ఉత్తరంల మాఫీ నాకు వద్దు. రమ్మను. వరద వచ్చి నది పక్క నారంత కొట్టుకపోయింది, మళ్ళ ఏస్తున్నం. వచ్చి బురదల దిగుమను. తర్వాత మాట్లాడుత" అంది.

నేను ఉండను. చామోర్షిలో పెద్దమ్మాయికి నెలలు నిండాయి, రేపు పోతున్నాను. నువ్వు రా. తాళం మీ నాన్న దగ్గర ఇస్తాను.

యాదక్క


సిరోంచ,
ఆగస్టు 30

చామోర్షిలో ఉన్న యాదక్క చిన్నమ్మకు,

నీ ఇంట్లో, నీ బల్ల మీదే కూర్చుని రాస్తున్నాను. పెన్ను పట్టుకుంటే వేళ్ళు వంగడం లేదు. ఎందుకో చెబుతాను.

నేను పొలానికి పోయిన రోజు లసుమక్క నా భుజం మీది కెమెరా సంచి చూసి, "అది ఒడ్డు మీద పెట్టు. ఇయ్యాల ముట్టకు" అంది. నారు కట్టలు నా చేతికిచ్చింది. పొద్దున ఏడు నుంచి సాయంత్రం దాకా వేశాను. నా వరస వంకర పోతే వెనక వచ్చిన ఆమె పీకి మళ్ళీ నాటింది. మధ్యాహ్నానికి నడుము నాది కాకుండా పోయింది. నాకు ఎదురుగా పన్నెండు మంది వంగి ఉన్నారు. అప్పుడు చూశాను చిన్నమ్మా. వాళ్ళు తలలు పైకెత్తి ఒకరి ముఖాలు ఒకరు చూస్తూ మాట్లాడుకుంటారు. వంగినవాళ్ళ ముఖాలు ముందు ఉంటాయి. అక్కడ నిలబడాలంటే బురదలోకి దిగాలి. ఒడ్డు మీద నుంచి కనపడవు. ఇంతకాలం మేమందరం ఒడ్డు మీద నుంచే తీశాము.

సాయంత్రం అన్నం పెట్టింది. "ఇప్పుడు జెప్పు. ఏం తీస్తవ్?" అంది.

"కెమెరా ఎక్కడ పెట్టాలో మీరే చెప్పండి" అన్నాను.

అందరూ ఒక్కసారి చెప్పడం మొదలుపెట్టారు. ఒకామె తన ముఖం వద్దంది, చేతులు తీయమంది. ఇంకొకామె, "నా మొఖం దగ్గర్నుంచి తియ్యి, ముక్కుపుల్ల కనవడాలె" అంది. లసుమక్క చివరకు, "నా ముంగటి నుంచి. నేను కెమెరాను సూస్త. సూడొద్దని అనకు" అంది.

ఫోన్‌లో సంగతి చెప్పానంతే, రేఖ తనంతట తనే వచ్చింది. ఎవరిదో పెద్ద నీలం అంగీ తొడుక్కుని, జుట్టుకు తువాలు కట్టుకుని గుంపులో దిగింది. ఆమెకు ప్రత్యేకంగా షాట్ పెట్టలేదు. పదమూడు మందిలో ఒకతె.

లసుమక్క పాడింది. జూలై తర్వాత ఇదే మొదటిసారి అట. ఈ మాటలు ఆమె ఈ నెలలోనే కట్టుకుంది.

వంగి వంగి నాటేసినా
వంగలేదే నా మెడా
నీళ్ళల్లా నిలుసున్నా
తడవలేదే నా మాటా

కెమెరా మోకాళ్ళ లోతు నీళ్ళలో పెట్టి నేనే తీశాను, నా పెళ్ళిళ్ళ కెమెరాతోనే.

వినయ్ రాలేదు. లసుమక్క రావద్దంది. నేనూ పిలవలేదు. దారిలో ఎదురైతే, "ఇంక నాలుగు ఇండ్లున్నయ్" అన్నాడు. "పోయి రా" అన్నాను. వాడికి ఇళ్ళ లెక్కైనా ఉంది. నేను పోవలసిన ఇళ్ళు లెక్కపెట్టడానికి లేదు కదా.

చెల్లి ఎట్లా ఉంది?

నుస్రత్


మంచిర్యాల,
సెప్టెంబరు 21

చిన్నమ్మకు,

నువ్వు అమ్మమ్మవయ్యావని అబ్బా చెప్పాడు. పాపకు నా ముద్దులు.

ఇక్కడి సంగతులు. రేఖతో కలిసి వెళ్ళి రాజం అన్నకు పాట చూపించాను. మొత్తం చూసి, "మంచిగున్నది. గని ఇది పాట గాదు నుస్రత్, వ్యవసాయ శాఖోళ్ళ వీడియో" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. రేఖతో వానలో నాలుగు షాట్లు స్టూడియోలో తీసి మధ్య మధ్య కలిపితే వేస్తానన్నాడు. లసుమక్క గొంతు మీద, రేఖ నడుము. అది నేను తీయనంటే ఇంకొకరితో తీయిస్తానన్నాడు.

నేను జవాబు చెప్పేలోపే రేఖ లేచింది. "అన్నా, నేను ఇన్నొద్దులు వంగింది నాటుకు గాదు, నీ కెమెరాకు. డ్యాన్స్ చెప్పు, పొద్దంత జేస్త. ఇగ వంగ" అంది.

"నువ్వు గాకుంటే పది మంది ఉన్నరు" అన్నాడు.

"ఉన్నరు. ఆళ్ళందరి నంబర్లు నా దగ్గర గూడ ఉన్నయ్" అంది రేఖ.

నేను కంప్యూటర్‌లోంచి నా పాట తీసుకున్నాను. కెమెరా నాది, పాట లసుమక్కది, ఛానల్ వాళ్ళది అందులో ఏమీ లేదు. బయటికి వస్తుంటే రాజం అన్న, "ఈ గల్లీ దాటితే నిన్ను ఎవడు గుర్తుపడుతడు?" అన్నాడు. కోపంగా అనలేదు, జాలిగా అన్నాడు. అది ఎక్కువ మండింది. "సిరోంచలో గుర్తుపడతారు, మంచికో చెడుకో" అని వచ్చేశాను.

పని లేదు. పెళ్ళిళ్ళు ఒప్పుకుంటున్నాను. లసుమక్క ఫోన్‌లో సరే అన్నాక, పాటను నా పేరుతో కొత్త ఛానల్ తెరిచి పెట్టాను. పదమూడు మంది పేర్లు రాశాను, ముఖం వద్దన్నామె పేరు కూడా. ఎక్కువ మంది చూడటం లేదు. పాత పాట మాత్రం ఇంకా ఉరుకుతూనే ఉంది.

అందుకే ఒక పని మొదలుపెట్టాను. పాత పాట కింద అందరూ రాసే చోట నేనూ రాశాను: "ఈ పాట తీసింది నేను. ఆ షాట్లలో కెమెరా పెట్టింది నేనే, ఓనరు కాదు. తప్పు చేశాను. ఆ అమ్మాయి పేరు రేఖ, మంచి డ్యాన్సర్. పొలంలో పని చేసే ఆడవాళ్ళను ఇట్లా తీయకండి. నుస్రత్, సిరోంచ."

గంటలో తీసేశారు. మళ్ళీ రాశాను. తీసేశారు. ఆ గంటలోపే వంద మంది తిడతారు. నా మతం, నా పుట్టుక, నా ముఖం, అన్నీ. ఏడ్చాను కూడా, దాచను. కానీ రోజూ పొద్దున పళ్ళు తోముకున్నాక అదే మొదటి పని. ఈ రోజుతో పద్నాలుగు రోజులు. పదో రోజు నుంచి రేఖ కూడా రాస్తోంది.

ఇదంతా అబ్బాకు తెలిస్తే ఏమంటాడోనని ఉంది.

నుస్రత్


సిరోంచ,
అక్టోబరు 5

బిడ్డా నుస్రత్,

మీ నాన్నకు తెలుసు. నేను చామోర్షి నుంచి వచ్చేసరికే తెలుసు. ఆయన దుకాణానికి గడియారం బాగు చేయించుకోవడానికి వచ్చినవాడెవడో ఆ తిట్లన్నీ చూపించి, "భాయి, పిల్లను జర ఆపు" అన్నాడట. మీ నాన్న భూతద్దం తీయకుండా మొత్తం చదివాడట. నాతో అన్న మాట ఇది: "తిట్టినోళ్ళ పేర్లు సదివిన యాదమ్మా. ఒక్కడు గూడ సొంత పేరు పెట్టుకోలె. నా బిడ్డ పెట్టుకున్నది, ఊరి పేరు గూడ పెట్టింది." ఆ గడియారం బాగు చేయకుండా వెనక్కి ఇచ్చేశాడు.

కొత్త పాట నా దుకాణంలో అందరం కలిసి చూశాము. మిషన్లు ఆపాము. లసుమక్క తన ముఖం వచ్చినప్పుడు కొంగు సరిచేసుకుంది. అల్లుడు నాగేపల్లి నుంచి ఫోన్ చేశాడు. "అత్తమ్మా, పాట సూసిన, మంచిగున్నది" అన్నాడు. "సూసినవా? వచ్చే నెల కోతకు వోతున్న, బిడ్డకు జెప్పు" అని పెట్టేసింది. పొలంలో మళ్ళీ పాడుతున్నారు. ఒడ్డు మీద ఎవరైనా ఫోన్ పట్టుకుని నిలబడితే పన్నెండు మందీ పని ఆపి లేచి నిలబడి వాడినే చూస్తున్నారట, వాడు పోయేదాకా. ఇంతవరకు ఎవడూ ఎక్కువసేపు నిలవలేదు.

వినయ్ పదిహేడు ఇళ్ళూ, ఆ తర్వాతవీ తిరిగి వచ్చాడు. లసుమక్క గుమ్మం దగ్గర నిలబడి అయిపోయిందన్నాడు. ఆమె తల ఊపింది, లోపలికి రమ్మనలేదు. నేనూ రమ్మని అడగలేదు. నీ ఫోటో వాడి దుకాణం మీద ఇంకా ఉంది. కింద "మన సిరోంచ డైరెక్టర్" అన్న అక్షరాలు వాడే గీకేశాడు, పేరు ఒక్కటి ఉంచాడు. ఎందుకని అడిగితే, "పేరు సాలు" అన్నాడు.

పాత పాట ఉరుకుతూనే ఉందని బాధపడకు. వాళ్ళు రోజూ తీసేస్తున్నారంటే రోజూ చదువుతున్నారన్నట్టే.

వారం రోజులుగా ఫోన్‌లో తెలుగు కొట్టడం నేర్చుకుంటున్నాను. ఒత్తులు దొరకడం కష్టంగా ఉంది, కానీ వచ్చేసింది. రేపు పొద్దున దుకాణం తెరవకముందే ఆ పాత పాట కింద నేనూ రాస్తాను. నా పేరు, నా ఊరు పెట్టి, ఆ జాకెట్లు కుట్టింది నేనని, ఆ పాట చూసి ఊరి ఆడవాళ్ళను తీసింది నా కొడుకని రాస్తాను. వినయ్‌కు ముందే చెప్పాను. వద్దనలేదు. ఏమని రాయాలో నువ్వు చెప్పకు.

మధ్యాహ్నానికి తీసేస్తారు. అప్పుడు లసుమక్క రాస్తుందట. ఆమెకు చదువు రాదు. ఆమె చెబుతుంది, నేను కొడతాను.

యాదక్క